రైలు ప్రయాణంలో విరేచనాలు: రెండు తాళంచెవుల లెక్క

తిరుపతికి రైల్లో వెళ్తున్నప్పుడు మూడేళ్ళ బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, స్టేషనులో దొరికే పండ్లరసమో కూల్‌డ్రింకో తాగించవచ్చునా అని ఒక పాఠకురాలు అడిగారు. తాగించకూడదు. కారణం చిన్నపేగు గోడలోని ఒక ప్రోటీనులో ఉంది. దాని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

దాని పేరు ఎస్‌జీఎల్‌టీ1. బ్యాంకు లాకరు ఖాతాదారు తాళంచెవి ఒక్కదానితో తెరుచుకోదు, బ్యాంకువారి తాళంచెవి ఒక్కదానితోనూ తెరుచుకోదు. ఈ ప్రోటీను కూడా రెండు సోడియం అయాన్లు (ఉప్పు నీటిలో కరిగితే వచ్చేవి), ఒక గ్లూకోజ్ అణువు కలిసి వచ్చినప్పుడే వాటిని కణంలోకి చేరవేస్తుంది. కణానికి రక్తం వైపున్న గోడలో మరొక పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తూ, మూడు సోడియం అయాన్లను బయటకు తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ ఉంటుంది. అందువల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది, పేగులోని సోడియం లోపలికి జారుతుంది, ఆ జారుడులోనే గ్లూకోజూ వస్తుంది, వాటి వెనుక ద్రవాభిసరణ వల్ల, అంటే కరిగిన పదార్థాలు ఎక్కువున్న వైపుకు నీరు జారే గుణం వల్ల, నీరు వస్తుంది. బడిలో ద్రవాభిసరణ అంటే ఎండుద్రాక్షను నీళ్ళలో నానబెట్టించి వదిలేస్తారు. పసిబిడ్డల ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయని చెప్పరు.

అసలు విశేషం ఏమిటంటే, కలరా విషం పేగు కణాల చేత క్లోరైడును, దానితో పాటు నీటిని ధారగా బయటకు పోయించినా, ఈ లాకరు జోలికి మాత్రం పోదు. సోడియం, గ్లూకోజ్ కలిసి పేగులోకి వెళ్తాయని జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో ప్రతిపాదించారు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిల్వలు తరిగిపోతున్నప్పుడు, వైద్యుడు దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా ఉప్పు కలిపిన నీటిని కలరా రోగులకు వారి బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి.

ఇలా ఉప్పు, గ్లూకోజ్ పాళ్ళు కుదిర్చి కలిపిన నీటినే ఓఆర్‌ఎస్ అంటారు. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్‌లు ఉంటాయి. కూల్‌డ్రింకులో చక్కెర ఎంతో ఎక్కువ, సోడియం నామమాత్రం. అంటే ఒక తాళంచెవి గుత్తులు గుత్తులుగా ఉండి, రెండోది దాదాపు లేనట్టే. లోపలికి పోలేక మిగిలిన చక్కెర శరీరంలోని నీటినే పేగులోకి లాగి విరేచనాన్ని పెంచుతుంది. ఇలాంటి తీపి పానీయాలను ఓఆర్‌ఎస్ అని పొరబడకుండా, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించడం వెనుక, హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది.

కాబట్టి ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే మందుల దుకాణంలో ఓఆర్‌ఎస్ పొట్లాలు కొనుక్కోవాలి. లీటరు పొట్లాన్ని మొత్తంగా లీటరు నీళ్ళ సీసాలోనే కలపాలి. సగం పొడి సగం నీళ్ళని కంటి అంచనాతో కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళు దాటిన బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచా చొప్పున నెమ్మదిగా మొదలుపెట్టాలి. ‘లంఖణం పరమౌషధం’ అనే పెద్దలు, దిష్టి తీసి నీళ్ళు మానిపించే పెద్దలు ప్రతి బోగీలోనూ ఉంటారు. దిష్టి తీయనివ్వండి, ఓఆర్‌ఎస్ మాత్రం ఆపకండి. అది విరేచనాలను వెంటనే ఆపదు. పోయిన నీటిని తిరిగి నింపుతుంది, అంతే. పని చేయడం లేదని మధ్యలో మానేయడానికి, వెంటనే ఆపుతుందన్న అపోహే మూలం.

కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా, గంటల తరబడి మూత్రం రాకపోయినా గమ్యం చేరే దాకా ఆగకూడదు. టీటీఈకి చెప్పి, రైల్వే సహాయ నంబరు 139కు ఫోన్ చేసి, రాబోయే స్టేషనులో వైద్యుడిని సిద్ధంగా ఉంచమని కోరాలి.