అమ్మ గాజులు, గ్యాసు వాసన

పాతపట్నం దాటి పర్లాకిమిడిలో బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టానో లేదో, వంటింట్లోంచి అమ్మ కేక: “ఒరే, గ్యాసు వాసన వస్తోంది, స్విచ్చు ముట్టుకోకు!”

నిజానికి ఆ వాసన గ్యాసుది కాదు. లీకైతే తెలియాలని అందులో కలిపే ఈథైల్ మెర్కాప్టాన్‌ది. గంధకం ఉన్న ఇలాంటి అణువులను థయోల్స్ అంటారు. కిటికీలు తీస్తున్న అమ్మ చేతి బంగారు గాజులు చూడగానే నా బుర్ర వేరే దారి పట్టింది.

వెండి పట్టీలు నల్లబడేది గంధకం వల్లే. బంగారానికి ఏదీ అంటదని మన ధీమా. నల్లబడని మాట నిజమే గానీ, గంధకం దాన్నీ వదలదు. 1983లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో రాల్ఫ్ నుజ్జో, డేవిడ్ అల్లారా అనే శాస్త్రవేత్తలు గంధకం ఉన్న సేంద్రియ అణువులతో బంగారం మీద ఒక్క అణువు మందాన పొర కట్టించారు.

కట్టించారు అన్నాను గానీ, కట్టుకునేవి అణువులే. పొడవాటి కర్బన తోక ఉన్న థయోల్‌ను ఆల్కహాల్‌లో బాగా పలచగా కలిపి, బంగారు పూత పలకను అందులో రాత్రంతా ఉంచితే చాలు. ఇడ్లీకి పప్పు నానబోసినంత పని. బంగారానికి అంతకుముందే పట్టిన మురికిని కూడా థయోల్ చాలావరకు నెట్టేస్తుంది. నిమిషాల్లోనే చోటంతా నిండిపోతుంది, కానీ అప్పటికి అంతా గందరగోళమే. వరుస కుదరడానికి గంటలు పడుతుంది.

నాకు బాగా నచ్చే సంగతి ఇక్కడే ఉంది. గంధకం గట్టిగా పట్టుకుంటుంది గానీ పాతుకుపోదు, పక్కకు జరగగలదు. అందుకే తప్పుచోట దిగిన అణువు సర్దుకుంటుంది. అతుక్కున్నచోటే బిగుసుకుపోతే వరుస ఎన్నటికీ కుదరదు. ఇరుగుపొరుగు గంధకాల మధ్య దూరం సుమారు అర నానోమీటరు (మీటరులో వందకోట్లో వంతు ఒక నానోమీటరు). తోకలు అంతకన్నా కాస్త సన్నం. అరలో వదులుగా పెట్టిన పుస్తకాల్లా అన్నీ ఒకే వైపు దాదాపు 30 డిగ్రీలు ఒరిగి, ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. 16 కర్బనాల తోకైనా పొర మందం 2 నానోమీటర్ల దగ్గరే.

అంత పలచని పొరకూ పెత్తనం ఉంది. తోక చివర నీటికి పొసగని మిథైల్ అనే పరమాణువుల గుంపు ఉంటే నీటిబొట్టు ఉబ్బి నిలబడుతుంది, చేమాకు మీద అంత గుండ్రంగా కాకపోయినా. ఆ చివర నీటితో చెలిమి చేసే హైడ్రాక్సిల్ గుంపు పెడితే అదే బొట్టు పరుచుకుంటుంది.

మరి అమ్మ గాజులు? మెర్కాప్టాన్ తోకలో ఉన్నవి 2 కర్బనాలే. ఆనుకోవడానికి నిడివి చాలదు కాబట్టి, పొర పట్టినా అంత వరుసగా ఉండదు. ఇదంతా చెబుదామని నోరు తెరిచేలోగా అమ్మ అరిగిపోయిన వాషరు నా చేతిలో పెట్టి, కొత్తది తెమ్మని బజారుకు పంపింది.