గాడ్జెట్ లాంచ్ ఈవెంట్లు: అపోహలు - వాస్తవాలు, డెమో యూనిట్లు రెడీ చేసేవాడి మాటల్లో

పెద్ద కంపెనీ లాంచ్ ఈవెంట్ ఏదైనా అయిందంటే చాలు, మర్నాడు పొద్దున్నుంచి మెసేజ్‌లే మెసేజ్‌లు, "అన్నా అది నిజంగా అలా పనిచేస్తుందా, ఇప్పుడున్నది అమ్మేసి దానికోసం ఆగమంటావా" అని. నేను చేసేది ఫర్మ్‌వేర్ పని, అంటే ఇయర్‌బడ్స్, వాచీలు లాంటి చిన్న డివైజుల లోపల నడిచే సాఫ్ట్‌వేర్. ఈవెంట్లకి డెమో యూనిట్లు సిద్ధం చేయడం కూడా మా టీమ్ నెత్తినే పడుతుంది. సగం మంది స్టేజ్ మీద చూసిందంతా నిజం అనుకుంటారు, మిగతా సగం అంతా మోసం అని కొట్టిపారేస్తారు, నాకైతే రెండూ తప్పే అనిపిస్తుంది. ఎక్కువగా వినపడే అపోహలు ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: స్టేజ్ మీద పనిచేసింది కాబట్టి వస్తువు రెడీ అయిపోయినట్టే

అస్సలు కాదు. హార్డ్‌వేర్‌లో ఒక వస్తువు అమ్మకానికి వచ్చేలోపు మూడు మెట్లు ఎక్కాలి, మేం ఈవీటీ, డీవీటీ, పీవీటీ అంటాం, అంటే ఇంజనీరింగ్, డిజైన్, ప్రొడక్షన్ దశల్లో చేసే టెస్టులు. ఈవీటీలో అసలు ఈ డిజైన్ పనిచేస్తుందా అన్నదే చూస్తాం, ఆ బోర్డుల మీద సన్నటి వైర్లు చేత్తో టంకం పెట్టి ఉంటాయి, బయట కేస్ కూడా ఉండదు చాలాసార్లు. డీవీటీలో కింద పడేయడం, తడపడం, వేడి చేయడం, సర్టిఫికేషన్లకి పంపడం. పీవీటీ అంటే అసలు ఫ్యాక్టరీ లైన్ మీద, అసలు స్పీడుతో తీసి, వందకి ఎన్ని పాసవుతున్నాయి ఎన్ని పోతున్నాయి అని లెక్కేసుకోవడం. మీకు స్టేజ్ మీద కనిపించేది ఈ మూడింట్లో ఏ మెట్టు మీదిదైనా కావొచ్చు, గాజు పెట్టెలో లైట్ల కింద పెట్టినదైతే లోపల ఏమీ లేని డమ్మీ కూడా కావొచ్చు.

దీనికి అందరికంటే పెద్ద ఉదాహరణ మొదటి ఐఫోనే. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ చూపించాడు, అమ్మకానికి వచ్చింది జూన్ 29న. చూపించిన రోజుకి అది పూర్తిగా తయారవ్వలేదని ఆ టీమ్‌లో పనిచేసిన ఇంజనీర్లే తర్వాత చెప్పారు. ముందు ఈమెయిల్ పంపి తర్వాత వెబ్ ఓపెన్ చేస్తే పనిచేసేది, అదే తిరగేసి చేస్తే ఆగిపోవచ్చు. పాటో వీడియోనో కొంత భాగం ఆడేది, మొత్తం ఆడిస్తే క్రాష్ అయ్యే ఛాన్స్. అందుకని ఏది తర్వాత ఏది నొక్కాలో ఒక వరస తయారు చేసుకున్నారు, దాన్నే గోల్డెన్ పాత్ అన్నారు. సిగ్నల్ అయితే, నిజంగా ఎంత ఉన్నా సరే స్క్రీన్ మీద ఐదు గీతలూ కనిపించేలా ప్రోగ్రామ్ చేసేశారు. మెమరీ అయిపోతే మార్చుకోవడానికి పక్కన వేరే ఫోన్లు రెడీగా పెట్టుకున్నారు.

ఇది విని మోసం అనేయకండి. మేమూ ఈ పనులన్నీ చేస్తాం (ఆ ఐదు గీతల పని తప్ప, దానికి నేను ఒప్పుకోను). డెమో కోసం ప్రత్యేకంగా ఒక బిల్డ్, అంటే సాఫ్ట్‌వేర్ వెర్షన్ తీస్తాం, అందులో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేస్తాం, స్లీప్ టైమర్ పొడిగిస్తాం, ఆరోజు చూపించని ఫీచర్లు ఆ వెర్షన్ తయారు చేసేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తాం, బ్లూటూత్‌ని ఒక్క ఫోన్‌కే కట్టేస్తాం, ఎందుకంటే హాల్లో కూర్చున్న ప్రతివాడి జేబులోనూ చెవిలోనూ బ్లూటూత్ అరుస్తూనే ఉంటుంది. ఉన్న యూనిట్లలో బాగా నడిచేవి ఏరి వెనకాల స్టిక్కర్ అంటిస్తాం, ఒకటి స్టేజ్‌కి, మిగతావి తెర వెనక ఫుల్ ఛార్జింగ్‌లో. ఇంపార్టెంట్ ప్రశ్నలు మాత్రమే చదువుకుని పరీక్షకి వెళ్లినట్టు అనుకోండి. ఉన్న ఫీచర్‌ని జాగ్రత్తగా నడిపించి చూపించడం వేరు, లేని ఫీచర్‌ని ఉన్నట్టు చూపించడం వేరు, గీత ఎక్కడ గీయాలన్నది నా లెక్కలో అక్కడే.

అపోహ: స్టేజ్ మీద ఫెయిలైందంటే వస్తువు చెత్త

ఇది ముందు దానికంటే ఎక్కువ వింటాను, మీమ్స్ చూసి నమ్మేస్తారు జనం. 2025 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటా పెట్టిన కనెక్ట్ ఈవెంట్‌లో స్మార్ట్ కళ్లజోళ్ల డెమో రెండుసార్లు తన్నేసింది గుర్తుందా, వంట చెప్పమంటే ఏఐ మధ్యలో స్టెప్పులు దాటేసి మాట్లాడింది, తర్వాత జుకర్‌బర్గ్‌కి వీడియో కాల్ వస్తుంటే ఎంత ప్రయత్నించినా ఎత్తడం కుదర్లేదు. అందరూ వైఫై బాలేదని నవ్వుకున్నారు. తర్వాత వాళ్ల సీటీఓ (టెక్నాలజీ హెడ్) బాస్‌వర్త్ చెప్పిన కారణం చదివితే మా ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. స్టేజ్ మీద చెఫ్ లైవ్ ఏఐ (కళ్లజోడు కెమెరాతో చూస్తూ మాట్లాడే ఫీచర్) స్టార్ట్ చేయమనగానే ఆ బిల్డింగ్‌లో అందరి కళ్లజోళ్లలోనూ లైవ్ ఏఐ స్టార్ట్ అయిపోయింది, పైగా డెమోకి ఇబ్బంది రాకూడదని ఆ ట్రాఫిక్‌ని విడిగా ఒక డెవలప్‌మెంట్ సర్వర్‌కి మళ్లించారు, అయితే ఆ మళ్లింపు డెమో కళ్లజోడుకి మాత్రమే కాకుండా అక్కడి నెట్‌వర్క్‌లో ఉన్న అన్నిటికీ వర్తించింది, దాంతో వాళ్ల సర్వర్‌ని వాళ్లే ముంచేసుకున్నారు. రిహార్సల్‌లో అన్ని కళ్లజోళ్లు లేవు కాబట్టి బయటపడలేదు. కాల్ సంగతి ఇంకా చిన్నది, డిస్‌ప్లే నిద్రలోకి వెళ్లే క్షణంలోనే కాల్ నోటిఫికేషన్ వచ్చింది, తిరిగి లేచాక ఆన్సర్ బటన్ చూపించలేదు. దీన్ని రేస్ కండిషన్ అంటాం, రెండు పనుల్లో ఏది ముందు జరుగుతుందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయే బగ్. వెయ్యిసార్లు టెస్ట్ చేసినా కనపడదు, చూపించాల్సిన రోజే కనపడుతుంది.

అంటే ఈ రెండు ఫెయిల్యూర్లకీ ఆ కళ్లజోడు మంచిదా కాదా అన్నదానికీ పెద్దగా సంబంధం లేదు. 1998 ఏప్రిల్‌లో బిల్ గేట్స్ పక్కనుండగా విండోస్ 98కి స్కానర్ తగిలిస్తే సిస్టమ్ క్రాష్ అయి బ్లూ స్క్రీన్ వచ్చింది, అది జూన్‌లో రిలీజ్ అవనే అయింది, జనం కొన్నారు, వాడారు. 2010లో ఐఫోన్ 4 చూపిస్తుంటే పేజీలు లోడ్ అవ్వక, హాల్లో ఉన్నవాళ్లంతా మీ వైఫై పరికరాలు ఆపండని జాబ్స్ బతిమాలాల్సి వచ్చింది, హాల్లో ఐదొందలకి పైగా వైఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయని ఆయనే చెప్పాడు. నా వరకు నాకు లైవ్‌గా చేసి ఫెయిలైన వాళ్లంటేనే కొంచెం గౌరవం ఎక్కువ, కనీసం నిజంగా ఆన్ చేసిన వస్తువు చూపించారు.

అపోహ: వీడియోలో చూపించారుగా, ఇంకేం ప్రూఫ్ కావాలి

వీడియో చూసే దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. 2012లో నోకియా లూమియా 920 కెమెరా ఎంత కదిలినా ఊగకుండా తీస్తుందని, సైకిల్ తొక్కుతున్న అమ్మాయి వీడియో ఒకటి వేశారు. వెనకాల వ్యాన్ అద్దంలో పెద్ద కెమెరా పట్టుకున్న మనిషి ప్రతిబింబం దొరికిపోయింది, అసలు ఫోన్‌తో తీసిందే కాదు, నోకియా క్షమాపణ చెప్పింది. తమాషా ఏంటంటే ఆ ఫోన్‌లో స్టెబిలైజేషన్ నిజంగానే బాగుండేది, ఫోన్‌తోనే తీసినా సరిపోయేది!

2023 డిసెంబర్‌లో గూగుల్ వాళ్ల ఏఐ జెమినై వీడియో వచ్చింది, బొమ్మ గీస్తుంటే చూస్తూ అప్పటికప్పుడు మాట్లాడుతున్నట్టు. నిజానికి దానికి ఇచ్చినవి ఆగిన ఫొటోలు, టైప్ చేసి ఇచ్చిన ప్రాంప్ట్‌లు, అంటే ప్రశ్నలు, సూచనలు. ఆలస్యాన్ని తగ్గించి చూపించామని, జవాబులు కుదించామని వీడియో కింద డిస్క్రిప్షన్‌లో రాశారు, అది ఎంతమంది చదివారో మీకే తెలుసు.

"ఫోన్‌తోనే తీశాం" అన్నవాటిల్లో అబద్ధం లేకపోవచ్చు. 2023 అక్టోబర్‌లో యాపిల్ మ్యాక్ ఈవెంట్ మొత్తం ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌తో తీశామని చెప్పి, తీసిన పద్ధతి కూడా వాళ్లే చూపించారు. అందులో ఫోన్ క్రేన్ మీద ఉంది, డ్రోన్‌కి కట్టి ఉంది, చుట్టూ సినిమా లైట్లు. ఫోన్ నిజమే, లైటింగ్ మాత్రం మీ దగ్గర ఉండదు.

అపోహ: అనౌన్స్ చేశారంటే వస్తుంది

2017 సెప్టెంబర్‌లో యాపిల్ ఎయిర్‌పవర్ అని ఛార్జింగ్ మ్యాట్ చూపించింది, ఫోన్, వాచ్, ఇయర్‌బడ్స్ మూడూ ఎక్కడ పెట్టినా ఛార్జ్ అవుతాయని, 2018లో వస్తుందని. 2019 మార్చిలో మా స్థాయికి రాలేదు అని ఆపేశారు. 2024 జూన్‌లో యాపిల్ చూపించిన కొత్త సిరి (వాళ్ల వాయిస్ అసిస్టెంట్) ఫీచర్లు 2025 మార్చిలో వాయిదా వేశారు, అప్పటికే దాని మీద యాడ్ కూడా నడిచింది, తర్వాత తీసేశారు. కొత్త ఫోన్ కొన్నవాళ్లలో కొంతమంది ఆ ఫీచర్ చూసే కొన్నారు కదా, కోపం రాదా మరి. శాంసంగ్ గెలాక్సీ ఫోల్డ్ 2019 ఏప్రిల్‌లో రావాలి, రివ్యూలకి ఇచ్చిన ఫోన్ల స్క్రీన్లు పాడవడంతో ఆపి, సరిచేసి సెప్టెంబర్‌లో అమ్మారు. కొందరు రివ్యూయర్లు స్క్రీన్ గార్డ్ అనుకుని స్క్రీన్‌లో భాగమైన పొరనే పీకేశారు. ఆపడమే మంచిదైంది.

మరి రెడీ కాకుండా ఎందుకు చూపిస్తారంటే అన్నిసార్లూ హడావుడి కాదు. రేడియో ఉన్న ఏ వస్తువుకైనా అమెరికాలో ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి కావాలి, ఆ కాగితాలు బయటికొస్తాయి, వాళ్లు బయటపెట్టేలోపు మేమే చూపిద్దామనుకున్నాం అని 2007లో జాబ్స్ స్టేజ్ మీదే చెప్పాడు. యాప్‌లు రాసేవాళ్లకి టైమ్ ఇవ్వాలన్నది ఇంకో కారణం. పక్క కంపెనీ ముందే చూపించేస్తుందన్న భయం మూడోది, నా అనుభవంలో ఇదే ఎక్కువ.

అపోహ: నంబర్లు అబద్ధం చెప్పవు

చెప్పవు, కానీ చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకుంటాయి. బ్యాటరీతో మొదలుపెడదాం, ఎందుకంటే మా పనిలో సగం గొడవ దీంతోనే. "గరిష్ఠంగా 30 గంటలు" అని ఇయర్‌బడ్స్‌కి రాస్తే అది కేస్‌తో కలిపి, చెవిలో ఉండేది ఆరు గంటలో ఎంతో. ల్యాప్‌టాప్ బ్యాటరీ లెక్కలకి యాపిల్ ఫుట్‌నోట్ చదవండి ఒకసారి, బ్రైట్‌నెస్ కింద నుంచి 8 నొక్కుళ్ల దగ్గర పెట్టి టెస్ట్ చేశాం అని స్పష్టంగా రాస్తారు, మీరు ఎండ పడే కిటికీ పక్కన ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి నాకు అన్ని గంటలు రాలేదంటే ఎలా వస్తాయి. పవర్‌బ్యాంక్ మీద 10000 ఎంఏహెచ్ అని ఉంటే అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర, అంటే 37 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టులకి మార్చేసరికి 7400, మార్చడంలో వేడిగా పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. దొంగతనం ఏం జరగలేదు, మీ ఫోన్ రెండుసార్లు నిండకపోవడానికి కారణం ఇదే. రెండు వస్తువులు పోల్చాలంటే వాట్ అవర్లు చూడండి.

200 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా తీసే ఫొటో 12.5 మెగాపిక్సెల్ ఉంటుంది, పదహారు పిక్సెళ్లు కలిపి ఒకటి చేస్తుంది కాబట్టి, తక్కువ వెలుతురులో అదే మంచిది కూడా. 3 నానోమీటర్ల చిప్‌లో 3 నానోమీటర్లు ఉండే భాగం వెతక్కండి, అది తయారీ తరానికి పెట్టుకున్న పేరు. పీక్ బ్రైట్‌నెస్ అంటే స్క్రీన్‌లో చిన్న ముక్క, కాసేపు. "40 శాతం ఫాస్ట్" అంటే దేనికంటే అన్నది స్లైడ్ అడుగున బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అది నాలుగేళ్ల కిందటి మోడల్.

దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్ ఐపీ68 గురించి మాత్రం గట్టిగా చెప్తా. చివరి 8 అంటే ఒక మీటరు లోతు కంటే కఠినమైన పరిస్థితిలో ముంచి చూశారని, ఎంత లోతు ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పుకోవాలి. అది మంచినీళ్లలో, కదలకుండా, కొత్త వస్తువుతో. ఉప్పునీళ్లు, సబ్బు, ప్రెషర్‌తో కొట్టే పైపు ఇవేవీ అందులో లేవు. రబ్బరు, జిగురు పాతబడతాయి, ఒకసారి విప్పి రిపేర్ చేస్తే సీల్ మళ్లీ అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు. నీళ్లు లోపలికి పోయి పాడైతే వారంటీ సాధారణంగా రాదు, లోపల తడి తగిలితే రంగు మారే స్టిక్కర్ ఉంటుంది, సర్వీస్‌వాళ్లు ముందు చూసేది దాన్నే.

అపోహ: పాత మోడల్‌కి కొత్త ఏఐ ఫీచర్ ఇవ్వకపోవడం ఫక్తు వ్యాపారం

సగం నిజం. ఫోన్‌లోనే నడిచే ఏఐ మోడల్ 300 కోట్ల పారామీటర్లది (పారామీటర్లంటే అది నేర్చుకున్నది దాచుకునే అంకెలు) అనుకుంటే, ఒక్కోదానికి 4 బిట్లు ఇచ్చినా 1.5 జీబీ ర్యామ్ అది ఒక్కటే తినేస్తుంది, మిగతా యాప్‌లు ఎక్కడికి పోవాలి. ఆ లెక్కన తక్కువ ర్యామ్ ఉన్నవాటికి రాదు, అది నిజమైన ఇబ్బంది. సర్వర్‌లో నడిచే ఫీచర్‌ని కూడా పాత మోడల్‌కి ఆపేశారంటే అప్పుడు వ్యాపారం అనొచ్చు, నేనూ మీతో కలిసి తిడతా. ఫీచర్ ఎక్కడ నడుస్తుందో తెలియాలంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆఫ్‌లోనే ఉంచి ట్రై చేయండి, దానికి ఇంజనీర్ అక్కర్లేదు.

అపోహ: కొంటే వస్తువు మనదే

హ్యూమేన్ కంపెనీ ఏఐ పిన్ గుర్తుందా, చొక్కాకి తగిలించుకుని మాటతో వాడే చిన్న డివైజు, 2023 నవంబర్‌లో 699 డాలర్లు, పైన నెలకి 24 డాలర్లు. వాళ్ల పరిచయ వీడియోలోనే ఏఐ తప్పు జవాబులు చెప్పింది, అయినా వదిలారు. 2025 ఫిబ్రవరిలో హెచ్‌పీ 11.6 కోట్ల డాలర్లకి ఆ కంపెనీ ఆస్తులు తీసుకుంటున్నట్టు ప్రకటించారు, పిన్‌లు మాత్రం ఆ నెల 28తో సర్వర్ నుంచి తెగిపోయాయి. కాల్స్ లేవు, ప్రశ్నలకి జవాబుల్లేవు. 90 రోజుల రిటర్న్ గడువులో ఉన్నవాళ్లకే డబ్బు వెనక్కి. ఆఫ్‌లైన్‌లో ఇంకా ఏం పనిచేస్తాయని కంపెనీ ఇచ్చిన ఉదాహరణ బ్యాటరీ ఎంత ఉందో చూసుకోవడం, 699 డాలర్లకి! కాబట్టి ఈసారి ఈవెంట్ చూసి ప్రీఆర్డర్ బటన్ దగ్గరికి వెళ్లినప్పుడు ఫీచర్ల లిస్ట్‌లో సర్వర్ లేకపోయినా నడిచేవి ఎన్నో టిక్ పెట్టుకోండి, మిగతావి కంపెనీ బతికున్నంత కాలమే అనుకుని రేటు ఆలోచించండి.