కళ్ళు మూసుకుని ముగ్గు వేస్తే మనసు ఎందుకు కుదుటపడుతుంది

మా పిన్ని కూతురు విజయవాడలో నర్సు, ఎక్కువగా నైట్ డ్యూటీలే. డ్యూటీ ఎక్కేముందు ఒక 10 నిమిషాలు దొరుకుతాయి తనకి, స్టాఫ్ రూమ్‌లో గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంటుంది. మొన్న ఫోన్ చేసి "అన్నయ్యా, శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు గానీ నాకు శ్వాస ఎక్కడ కనబడుతుంది, పాప స్కూల్ ఫీజు కనబడుతుంది, నిన్న పోయిన పేషెంట్ మొహం కనబడుతుంది, ఆ శ్వాస దొరికేసరికే టైమ్ అయిపోతుంది. ఏదైనా బొమ్మ ఊహించుకుంటే టక్కున ధ్యానంలోకి వెళ్ళొచ్చు అంటున్నారు, నిజమేనా?" అని అడిగింది.

చాలావరకు నిజమే. పైగా కారణం తన మాటల్లోనే ఉంది. "కనబడుతుంది" అంది చూశారా, అదీ విషయం. తన దిగులు మాటల్లో రావట్లేదు, బొమ్మల్లో వస్తోంది.

ధ్యానం అంటే ఏంటి, ఎన్ని రకాలు, ఎలా కూర్చోవాలి ఇవన్నీ అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తా. నేను చెప్పాలనుకునేది ఒక పలక గురించి. 1974లో అలెన్ బ్యాడ్లీ, గ్రాహం హిచ్ అని ఇద్దరు బ్రిటిష్ సైకాలజిస్టులు వర్కింగ్ మెమరీ అనే మోడల్ పెట్టారు. అప్పటికప్పుడు మనసులో పట్టుకుని వాడుకునే సంగతులకి వేరువేరు చోట్లు ఉంటాయని వాళ్ళ లెక్క, మాటలకి ఒక చోటు, బొమ్మలకీ దిక్కులకీ ఇంకో చోటు. ఈ రెండోదాన్ని విజువోస్పేషియల్ స్కెచ్‌ప్యాడ్ అంటారు. నేను క్లాసులో పలక అనే చెప్తాను, ఎందుకంటే ఒకటో క్లాసు పిల్లాడి పలకకి ఉన్న లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి. చిన్నది. ఉన్నది ఒక్కటే. దాని మీద గీసింది ఎక్కువసేపు నిలవదు.

ఒక్కటే అని ఎలా తెలుసు? 1968లో లీ బ్రూక్స్ అనే ఆయన చేసిన ప్రయోగం ఉంది, ఇప్పుడే ఇంట్లో కూర్చుని చేసి చూడొచ్చు. ఇంగ్లీష్ పెద్ద ఎఫ్ అక్షరాన్ని చెక్కలో కోసినట్టు మందంగా ఊహించుకోండి. కింద ఎడమ మూల దగ్గర మొదలుపెట్టి అంచు వెంబడే పైకి వెళ్ళండి, మూల వచ్చినప్పుడల్లా ఆగి అది అక్షరానికి అన్నిటికంటే పైనగానీ అన్నిటికంటే కిందగానీ ఉంటే "అవును" అనండి, మధ్యలో ఉంటే "కాదు" అనండి. మొత్తం 10 మూలలు వస్తాయి: మూడు అవును, ఆరు కాదు, చివర ఒక అవును. నోటితో అంటుంటే సాఫీగానే వెళ్ళిపోతుంది. ఇప్పుడు అదే పని నోరు మెదపకుండా, కాగితం మీద వరసగా రాసిపెట్టిన అవును, కాదుల్లో సరైనదాన్ని వేలితో చూపిస్తూ చేయండి. తడబడిపోతాం. ఎందుకంటే వేలిని నడిపించడానికీ పలకే కావాలి, ఎఫ్ బొమ్మని నిలపడానికీ పలకే కావాలి, ఒక పలక మీద ఇద్దరు ఒకేసారి రాయలేరు. బ్రూక్స్ దీన్ని తిరగేసి కూడా చూశాడు, ఒక వాక్యం గుర్తుపెట్టుకుని అందులో ఒక్కో మాటా నామవాచకమా కాదా చెప్పమంటే అప్పుడు నోటితో చెప్పడం కష్టమైంది, వేలితో చూపించడం తేలికైంది. మాటకి మాట అడ్డం, బొమ్మకి బొమ్మ అడ్డం.

నా దృష్టిలో మొత్తం కిటుకు ఇదే. మనసులో "వాడు అలా అన్నాడు, నేను ఇలా అనాల్సింది" అని వాదనలు తిరిగేవాళ్ళకి జపం పనిచేయడానికి, మా చెల్లెల్లాగా మొహాలూ దృశ్యాలూ కళ్ళముందుకొచ్చేవాళ్ళకి బొమ్మ పనిచేయడానికి కారణం ఇదే అయ్యుండాలని నా లెక్క. పాత దృశ్యం మళ్ళీ కనబడాలన్నా పలక మీదే కనబడాలి కదా, ఆ పలక మనమే నింపేస్తే దానికి చోటుండదు. 1997లో ఆండ్రేడ్, కావనా, బ్యాడ్లీ కలిసి ఇదే పరీక్షించారు: బాధపెట్టే దృశ్యం ఒకటి తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలిస్తే ఆ దృశ్యం మసకబారింది, దాంతోపాటు వచ్చే బాధ కూడా తగ్గింది. 2009లో ఎమిలీ హోమ్స్ వాళ్ళ బృందం ఘోరమైన దృశ్యాలున్న ఫిల్మ్ చూపించి, అరగంట ఆగి కొంతమంది చేత 10 నిమిషాలు టెట్రిస్ ఆడించింది, ఆడినవాళ్ళకి ఆ వారమంతా ఆ దృశ్యాలు తక్కువసార్లు గుర్తొచ్చాయి. ముక్కల్ని తిప్పి తిప్పి సందుల్లో ఇరికించే ఆట కదా, పలకంతా అదే ఆక్రమిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో హార్వీ, పేన్ 2002లో నిద్ర పట్టనివాళ్ళ మీద చేసినది ఇంకా మనకి దగ్గర. ఒక హాయైన దృశ్యాన్ని వివరంగా ఊహించుకోమన్నవాళ్ళు తొందరగా నిద్రపోయామని చెప్పారు, ఊరికే "ఆలోచనల మీంచి ధ్యాస మళ్ళించుకో" అని మాత్రమే చెప్పినవాళ్ళకి ఆ లాభం రాలేదు. ధ్యాస మళ్ళించు అంటే ఎటు మళ్ళించాలి? పలక ఖాళీగా ఉంటే దిగులు మళ్ళీ వచ్చి గీసేస్తుంది.

ఇక గీసింది నిలవకపోవడం. దీనివల్లే చాలామంది విజువలైజేషన్ మొదలుపెట్టి రెండో రోజు మానేస్తారు. సముద్రం ఊహించుకో, సూర్యాస్తమయం ఊహించుకో అంటారు, ఊహించుకుంటాం, నాలుగు క్షణాల్లో వెలిసిపోతుంది. మనసులో బొమ్మని పదే పదే గీసుకుంటూ ఉండాలి, కదలని బొమ్మలో మళ్ళీ గీయడానికి ఏమీ దొరకదు. అందుకే కదిలే బొమ్మ కావాలి, ఒక అడుగు తర్వాత ఇంకో అడుగు తప్పనిసరిగా వచ్చే పని కావాలి. నా మటుకు నేను మా నాయనమ్మ సానరాయి మీద గంధం తీయడం పెట్టుకున్నాను, చెక్క ఒక చుట్టు తిరిగితే ఒక ఊపిరి, రాయి మీద నీళ్ళు కొంచెం కొంచెం చిక్కబడుతూ ఉంటాయి. చెల్లెలికి మాత్రం ముగ్గు చెప్పాను.

ముగ్గు కంటే మంచిది నాకు ఇంతవరకు తట్టలేదు. కళ్ళాపి చల్లిన వాకిలి, తడి ఇంకా ఆరలేదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారుతోంది, గరుకుగా తగులుతోంది. ముందు చుక్కలు. ఆ తర్వాత మెలిక, గీత చుక్క పక్కనుంచి వెళ్ళి దాన్ని చుట్టి, చుక్కని తాకకుండా, ఇంకో చుక్క వైపు తిరుగుతుంది. ఇందులో దిక్కు ఉంది, వరస ఉంది, స్పర్శ ఉంది, ఎక్కడున్నామో మర్చిపోతే ముగ్గే చెప్తుంది తప్పావని. ధ్యాస జారిపోయిందని వెంటనే తెలియడం ధ్యానంలో సగం పని.

కానీ ఇక్కడ పలక చిన్నది అన్న సంగతి అడ్డొస్తుంది. మనం ఒకేసారి పట్టుకోగలిగేది మూడు నాలుగు వస్తువుల్నే అని 1997లో లక్, వోగెల్ చూపించారు. చెల్లెలు ఉత్సాహంగా సందు చుక్క 7 నుంచి 4 వరకు పెట్టేసింది, లెక్కేస్తే 37 చుక్కలు, రెండో రోజు ఫోన్ చేసి తలనొప్పి వచ్చింది అంది. వస్తుంది మరి. 5 నుంచి 3 వరకు పెట్టు, 19 చుక్కలే, అన్నీ ఒకేసారి చూడాలనుకోకు, వేలి కింద ఉన్న చుక్క, దాని పక్క రెండు చుక్కలు కనబడితే చాలు అని చెప్పాను. మరీ తేలికైతే పలకలో చోటు మిగిలి దిగులు దూరుతుంది, మరీ కష్టమైతే పరీక్ష రాస్తున్నట్టు అవుతుంది.

ఇంతవరకు మనసు సంగతి. ఒళ్ళెందుకు సడలుతుంది? నిమ్మకాయ కోస్తున్నట్టు ఊహించుకుంటే నోట్లో నీళ్ళూరడం అందరికీ తెలుసు. దానికంటే నన్ను ఆశ్చర్యపరిచింది 2014లో ఓస్లోలో బ్రూనో లెంగ్, ఉన్ని సులుత్‌వెడ్ చేసిన ప్రయోగం. ఎండ కాస్తున్న ఆకాశాన్ని ఊహించుకోమంటే కంటిపాప చిన్నదైంది, చీకటి గదిని ఊహించుకోమంటే పెద్దదైంది. ఎదురుగా ఉన్న తెర మారలేదు, వెలుతురు మారలేదు. కంటిపాప మనం చిన్నదవమంటే అయ్యేది కాదు, మన ప్రమేయం లేకుండా పనిచేసే అటానమిక్ నరాల చేతిలో ఉంటుంది, గుండె కూడా వాటి మాటే వింటుంది. అంటే మన ఆజ్ఞ వినని యంత్రాంగానికి బొమ్మ మాట వినబడుతోంది!

ఊపిరిని కలిపితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఈ తేడా ఎక్కువగా మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నరం వల్ల. మరోపక్క రక్తపోటులో దాదాపు 10 సెకన్లకోసారి వచ్చే సహజమైన అల ఒకటుంది, మెడలో ధమనుల గోడల్లో ఉండే బారో రిసెప్టర్లు ఆ పోటు చూసి గుండె వేగాన్ని సర్దుతుంటాయి. మన ఊపిరి కూడా 10 సెకన్లకి ఒకటి, అంటే నిమిషానికి 6 అయితే రెండు అలలూ కలిసి ఊయలని సరిగ్గా వెనక్కొచ్చినప్పుడు తోసినట్టు అవుతుంది, ఫిజిక్స్‌లో రెజొనెన్స్ అని చెప్పుకునేది ఇదే. 2001లో ఇటలీ డాక్టర్ బెర్నార్డి బృందం లాటిన్ జపమాల ప్రార్థననీ, ఓం మణిపద్మే అనే మంత్రాన్నీ చదివించి కొలిస్తే రెండిట్లోనూ ఊపిరి నిమిషానికి 6 దగ్గరికే వచ్చింది. ఎక్కడి రోమ్, ఎక్కడి టిబెట్! మెలిక ఒక చుక్క దగ్గరకి వచ్చేటప్పుడు పీల్చి, చుట్టూ తిరిగేటప్పుడు మెల్లగా వదిలితే లెక్కపెట్టకుండానే ఆ వేగానికి వస్తాం.

బొమ్మదే మొత్తం ఘనత అని మాత్రం అనను. టిబెట్ తుమ్మో సాధకులు బొడ్డు దగ్గర మంట ఊహించుకుని ఒళ్ళు వేడెక్కించుకుంటారు. 2013లో మరియా కొజెవ్నికోవ్ బృందం కొలిస్తే లోపలి ఉష్ణోగ్రత కొందరిలో 38.3 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళింది, అయితే వేడి పెంచింది ఊపిరి బిగించే పద్ధతి, మంట బొమ్మ చేసింది ఆ వేడిని ఎక్కువసేపు నిలబెట్టడం. నాకైతే ఇది చాలా అందమైన ఫలితం అనిపిస్తుంది, ఎవరి పని వాళ్ళది.

ఈ విద్య కొత్తదేం కాదు. 5వ శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో జానెడు మీద నాలుగు వేళ్ళ వెడల్పున ఉదయపు ఎరుపు మట్టితో బిళ్ళ చేసి, దాన్ని చూస్తూ, కళ్ళు మూస్తూ, తెరిస్తే ఎలా కనబడుతుందో మూసినా అలాగే కనబడేదాకా చేయమని రాశాడు. పలకని నింపడమే కదా.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి, క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. బొమ్మ ఊహించుకుంటే "ఆల్ఫా స్టేట్"లోకి వెళ్తాం, అక్కడ కోరుకున్నది జరుగుతుంది అని చెప్పి డబ్బులు తీసుకుంటున్నారు. ఆల్ఫా అనేవి సెకనుకి 8 నుంచి 13 సార్లు వచ్చే మెదడు అలలు, అవి ఊరికే కళ్ళు మూసుకుంటేనే తల వెనక భాగంలో వస్తాయి, హాన్స్ బెర్గర్ 1929లోనే రాశాడు, స్పష్టంగా బొమ్మ ఊహిస్తే అక్కడ అవి మామూలుగా తగ్గుతాయి. కోరుకున్నది జరగడం సంగతికొస్తే, 2011లో కాప్పెస్, ఓటింజెన్ అనే పరిశోధకులు అనుకున్నది అయిపోయినట్టు ఊహించుకునేవాళ్ళని చూస్తే వాళ్ళ రక్తపోటులో పై అంకె తగ్గింది, ఉత్సాహం కూడా తగ్గింది. గెలిచేశాం అనుకుని ఒళ్ళు విశ్రాంతిలోకి వెళ్ళిపోతోంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) పిల్లలకి రోజూ ర్యాంకు వచ్చినట్టు ఊహించుకోమని చెప్పేవాళ్ళు ఇది ఒకసారి ఆలోచించాలి. అలాగే కళ్ళు మూస్తే కనబడే నీలి వెలుగులు మూడో కన్ను తెరుచుకున్న గుర్తులు కావు, వెలుతురు లేనప్పుడు కూడా చూపు వ్యవస్థ ఊరుకోదు, దాని అలికిడే ఆ వెలుగులు. భయపడక్కర్లేదు, గర్వపడక్కర్లేదు.

అసలు బొమ్మే కనబడనివాళ్ళు కూడా ఉంటారు. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ పొద్దున్న టిఫిన్ తిన్న బల్లని గుర్తుచేసుకోమని అడిగితే కొందరు మాకు ఏమీ కనబడదు అన్నారు, దానికి 2015లో ఆడమ్ జీమన్ ఎఫాంటేసియా అని పేరు పెట్టాడు. వెలుతురు ఊహించుకున్నప్పుడు వాళ్ళ కంటిపాప కదలదని 2022లో తేలింది. ఇది లోపం కాదు, వాళ్ళలో మంచి ఆర్టిస్టులు కూడా ఉన్నారు. వాళ్ళు ముగ్గుని చూడక్కర్లేదు, చూపుడువేలితో తొడ మీద నిజంగానే తిప్పితే సరి, వేలి కదలికకి కూడా పలకే కావాలని బ్రూక్స్ దగ్గర చూశాం కదా.

ఇక "టక్కున" అన్నదాని సంగతి. మొదటి రోజే జరగదు. రోజూ అదే ముగ్గు, అదే కుర్చీ, అదే టైమ్ అయితే కొన్నాళ్ళకి మొదటి చుక్క పెట్టగానే ఒళ్ళు సడలడం మొదలవుతుంది, రోజూ గంట కొట్టాక తిండి పెడితే, ఉత్త గంట విన్నా పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కకి లాలాజలం ఊరినట్టు. రోజుకో కొత్త బొమ్మ మారిస్తే ఈ లాభం పోతుంది. ఇంకోటి, ఆ పోయిన పేషెంట్ మొహం రోజూ వస్తూ నిద్ర కూడా చెడగొడుతుంటే ముగ్గుతో సరిపెట్టుకోవద్దు, డాక్టర్‌తో మాట్లాడు అని చెల్లెలికి విడిగా చెప్పాను.

మూడు వారాలైంది. నిన్న రాత్రి డ్యూటీకి ముందు మెసేజ్ పెట్టింది: "అన్నయ్యా, ఇవాళ 19 చుక్కలూ పడ్డాయి, మెలిక తొమ్మిదో చుక్క దాకా వచ్చింది, అక్కడ పిలిచారు, లేచి వెళ్తున్నా."