పిల్లికి ఇప్పుడే, పెద్ద కుక్కకు కాస్త ఆగి

నాలుగు నెలల పిల్లికూన, నాలుగు నెలల లాబ్రడార్ పప్పీ ఒకే రోజు ఒకే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వచ్చాయనుకుందాం. రెండూ ఆడవే. తెచ్చినవాళ్లు అడిగేదీ ఒకటే: "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించమంటారు?" పిల్లిని తెచ్చినవాళ్లకు డాక్టర్ "ఈ నెలలోనే చేసేద్దాం" అని, లాబ్రడార్‌ను తెచ్చినవాళ్లకు "ఇంకా టైముంది, ముందు పెరగనివ్వండి" అని చెబితే రెండూ సరైన జవాబులే. చాలా ఏళ్లపాటు అన్నింటికీ కలిపి "ఆరు నెలలకు" అనే లెక్క చెప్పేవారు. గుర్తుపెట్టుకోవడానికి అది సులువే. కానీ పిల్లుల విషయంలో ఆ లెక్క ఆలస్యమవుతుంది, పెద్ద జాతి కుక్కల విషయంలో తొందరపాటు అవుతుంది. ఇంట్లో పెంచుకునే కుక్కకైనా పిల్లికైనా ఈ ఆపరేషన్ చేయించడం మంచిదనే నా గట్టి అభిప్రాయం. ఏ వయసులో చేయించాలన్నది మాత్రం జంతువును బట్టి తేల్చుకోవాలి.

ముందు అసలు ఏం చేస్తారో చూద్దాం. ఆడవాటికి పూర్తి మత్తు ఇచ్చి, పొట్ట మీద చిన్న కోత పెట్టి అండాశయాలను తీసేస్తారు. చాలాచోట్ల గర్భసంచిని కూడా తీస్తారు. కొన్ని దేశాల్లో అండాశయాలు మాత్రమే తీసి గర్భసంచిని వదిలేస్తారు, హార్మోన్లు ఆగిపోయాక అది తనంతట తానే ముడుచుకుపోతుంది. మగవాటికి వృషణాలు తీసేస్తారు. మనుషులకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ దీనికీ పెద్ద తేడా ఇక్కడే ఉంది. మనుషులకు గొట్టాలను మాత్రం మూస్తారు, హార్మోన్లు మామూలుగానే తయారవుతుంటాయి. కుక్కలకూ పిల్లులకూ ఆ హార్మోన్లు తయారుచేసే అవయవాలనే తీసేస్తారు. ఈ ఆపరేషన్ వల్ల వచ్చే లాభాలూ ఇబ్బందులూ దాదాపు అన్నీ ఆ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

ఆడ కుక్క శరీరంలో జరిగేది తెలిస్తే లాభం ఎంతో అర్థమవుతుంది. ఎక్కువ జాతుల కుక్కలు దాదాపు ఆరేడు నెలలకోసారి హీట్‌కి, అంటే ఎదకు, వస్తాయి. అండాలు విడుదలయ్యాక అండాశయాలు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. చాలా జంతువుల్లో గర్భం నిలవకపోతే ఈ హార్మోన్ త్వరగానే తగ్గిపోతుంది. కుక్కల్లో అలా జరగదు. క్రాసింగ్ జరిగినా జరగకపోయినా సుమారు రెండు నెలలపాటు ప్రొజెస్టెరాన్ ఎక్కువగానే ఉంటుంది. అందుకే కొన్ని కుక్కలకు కడుపులో పిల్లలు లేకపోయినా పాలు పడతాయి. బొమ్మలనో చెప్పులనో ఒకచోట చేర్చుకుని, వాటిని పిల్లల్లా కాపలా కాస్తాయి.

పాలు పడటం చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. గర్భసంచిలో జరిగేదే ప్రమాదం. ప్రొజెస్టెరాన్ వల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, అందులోని గ్రంథులు ద్రవం ఊరుస్తాయి, గర్భసంచి ముఖం మూసుకుంటుంది, రోగనిరోధక కణాల పని కాస్త మందగిస్తుంది. పిండం నిలవడానికి ఇవన్నీ కావాలి. పిండం లేనప్పుడు అదే చోటు బ్యాక్టీరియాకు అనుకూలంగా మారుతుంది. ఏటా ఒకటి రెండు సార్లు, ఏళ్ల తరబడి ఇలా జరిగాక ఏదో ఒక హీట్ తర్వాత గర్భసంచికి చీము పడుతుంది. దీన్నే పయోమెట్రా అంటారు. ఆపరేషన్ మామూలుగా చేయించే అలవాటు లేని స్వీడన్‌లో, కుక్కల బీమా రికార్డులను పరిశీలిస్తే పదేళ్లు నిండేలోపు ప్రతి నాలుగైదు ఆడ కుక్కల్లో ఒకదానికి ఈ జబ్బు వచ్చినట్టు తేలింది.

ఇది ఎలా మొదలవుతుందో కుక్కను పెంచే ప్రతివాళ్లకూ తెలిసి ఉండాలి. హీట్ అయిపోయి ఒకటి రెండు నెలలవుతుంది. కుక్క నీళ్లు ఎక్కువగా తాగడం మొదలుపెడుతుంది. గిన్నె నింపిన కాసేపటికే ఖాళీ అవుతుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్తుంది. వేడికి తాగుతోందిలే అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. నిజానికి గర్భసంచిలో చేరిన ఇ.కోలై అనే బ్యాక్టీరియా విడుదల చేసే విషాలు మూత్రపిండాల మీద పనిచేయడంతో అవి నీటిని పట్టి ఉంచలేవు. కుక్క తాగింది తాగినట్టే బయటికి పోతుంటుంది. తర్వాత తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, మూలన పడుకుంటుంది. గర్భసంచి ముఖం తెరిచి ఉంటే తోక కింద చీము కనిపిస్తుంది, కనీసం అనుమానం వస్తుంది. మూసుకుని ఉంటే బయటికి ఏమీ కనిపించదు, లోపల మాత్రం గర్భసంచి ఉబ్బిపోతుంటుంది. అది పగిలినా, విషం రక్తంలో కలిసినా ప్రాణానికే ముప్పు. అప్పుడు కూడా చేసేది అదే ఆపరేషన్. కాకపోతే ఆరోగ్యంగా ఉన్న పడుచు కుక్కకు తీరిగ్గా చేయాల్సింది, జబ్బుపడిన ముసలి కుక్కకు హడావిడిగా చేయాల్సి వస్తుంది. ఈ ఆపరేషన్ చేయించమని చెప్పడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

రొమ్ము కణితుల సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. 1969లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఆపరేషన్ చేయించని కుక్కలకు ఉండే ముప్పును వందగా తీసుకుంటే, మొదటి హీట్‌కు ముందే చేయించిన వాటికి అది 0.5, ఒక హీట్ తర్వాత చేయిస్తే 8, రెండు హీట్‌ల తర్వాత చేయిస్తే 26. ఈ అంకెలను తప్పుగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు హీట్‌లు వచ్చిన కుక్కల్లో 26 శాతానికి కేన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. 2012లో ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టినవాళ్లు ఆధారాలు బలంగా లేవని తేల్చారు. త్వరగా చేయిస్తే ముప్పు తగ్గుతుందన్న మాటను నేను నమ్ముతాను గానీ, ఆ పాత దశాంశాలను పట్టుకుని యజమానులను భయపెట్టడం నాకు ఇష్టం లేదు. పిల్లుల్లో మాత్రం ఇది మరింత తీవ్రమైన విషయం. కుక్కల్లో రొమ్ము కణితులు దాదాపు సగం ప్రమాదం లేనివే. పిల్లుల్లో ఎక్కువ భాగం, అంటే 85 శాతానికి పైగా, కేన్సరే. ఆరు నెలలలోపు ఆపరేషన్ అయిన పిల్లులకు ఈ ముప్పు 91 శాతం తగ్గినట్టు 2005లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

పిల్లుల విషయంలో తొందరపడమనడానికి అసలు కారణం వేరే ఉంది. కొన్ని ఆడపిల్లులు నాలుగు నెలలకే ఎదకు వస్తాయి. మన కళ్లకు అవి ఇంకా కూనలే. ఒక రాత్రి ఉన్నట్టుండి గొంతు చించుకుని అరవడం మొదలవుతుంది. నేల మీద దొర్లుతుంది, ముందుకాళ్ల మీద వంగి నడుము పైకెత్తి తోకను పక్కకు జరుపుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎక్కడో నొప్పి పుడుతోందని కంగారుగా డాక్టర్‌కు ఫోన్ చేస్తారు. పగటి వెలుతురు ఎక్కువగా ఉండే కాలంలో పిల్లులు ఎదకు వస్తాయి. ఇంట్లో లైట్లు వెలుగుతూ ఉంటే వాటికి ఏడాదంతా అదే కాలం. పైగా పిల్లికి సాధారణంగా మగపిల్లితో కలిసిన తర్వాతే అండాలు విడుదలవుతాయి కాబట్టి గురి తప్పడం అరుదు. కలవకపోతే రెండు మూడు వారాలకోసారి మళ్లీ అదే గోల. కలిస్తే తొమ్మిది వారాలకు పిల్లలు. ఆ పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. సంవత్సరం నిండని పిల్లి రెండో ఈతకు సిద్ధమవడం వింతేమీ కాదు. "ఆరు నెలలకు చేయిద్దాంలే" అనుకున్న ఇళ్లలోనే ఇలా ఎక్కువగా జరుగుతుంది.

అందుకే 2016లో అమెరికాలోని పశువైద్య నిపుణుల బృందం ఒకటి పెంపుడు పిల్లులకు ఐదు నెలలలోపే ఆపరేషన్ పూర్తి చేయాలని సూచించింది. మరుసటి ఏడాది అమెరికా పశువైద్యుల సంఘం దాన్ని బలపరిచింది. చిన్నప్పుడే చేయిస్తే మగపిల్లుల మూత్రనాళం సన్నగా ఉండిపోయి మూత్రం ఆగిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. కొలిచి చూస్తే ఆ నాళం వెడల్పులో తేడా కనిపించలేదు. చిన్న కూనలకు శరీరం త్వరగా చల్లబడుతుంది, రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది. కాబట్టి వాటిని పెద్దవాటిలా రాత్రంతా పస్తు ఉంచకూడదు. ఎన్ని గంటలు ఆపాలో డాక్టర్‌నే అడగాలి.

ఇక కుక్కలు. చిన్న జాతుల సంగతి తేలికే. పెరిగాక 20 కిలోలు దాటని కుక్కలకు ఐదారు నెలల వయసులో, ఆడవైతే మొదటి హీట్‌కు ముందే, చేయించవచ్చు. పెద్ద జాతులకు వచ్చేసరికి ఎముకలు అడ్డొస్తాయి. పెరిగే వయసులో పొడవాటి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు అనే మెత్తటి పొరలు ఉంటాయి, ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఈ పొరలు గట్టిపడి పెరుగుదల ఆగిపోవడానికి సెక్స్ హార్మోన్లు కావాలి. అవి ముందే లేకుండా పోతే ఎముకలు పెరగాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ కాలం పెరుగుతాయి. కాలు కాస్త పొడవవుతుంది, కీళ్ల కోణాలు కాస్త మారతాయి. చిన్న కుక్కకు ఆ తేడా లెక్కలోకి రాదు. ముప్పై నలభై కిలోల బరువు మోసే మోకాలికీ తుంటికీ మాత్రం అది భారమే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2013లో గోల్డెన్ రిట్రీవర్ల మీద, 2016లో జర్మన్ షెపర్డ్‌ల మీద, 2020లో 35 జాతుల మీద ఈ లెక్కలు తీశారు. జర్మన్ షెపర్డ్ మగవాటిలో ఏడాదిలోపు ఆపరేషన్ చేయించిన వాటిలో 21 శాతానికి కీళ్ల సమస్యలు వచ్చాయి. చేయించని వాటిలో 7 శాతానికే వచ్చాయి. చిన్న జాతుల్లో ఈ తేడా కనిపించలేదు. ఇవి ఒక పెద్ద ఆస్పత్రి రికార్డుల నుంచి తీసిన లెక్కలు, బరువు పెరగడం లాంటి కారణాలూ వీటిలో కలిసి ఉండవచ్చు. అయినా పెద్ద కుక్క విషయంలో కొన్ని నెలలు ఆగమని చెప్పడానికి ఇవి చాలు. 2019లో అమెరికా జంతు ఆస్పత్రుల సంఘం ఇచ్చిన సూచనల్లో పెద్ద మగ కుక్కలకు ఎదుగుదల పూర్తయ్యాక, అంటే 9 నుంచి 15 నెలల మధ్య అని ఉంది. పెద్ద ఆడ కుక్కలకు 5 నుంచి 15 నెలల దాకా వెసులుబాటు ఇచ్చారు. వాటి విషయంలో ఒకవైపు ఎముకలు, మరోవైపు రొమ్ము కణితులు ఉన్నాయి కాబట్టి జాతిని చూసి నిర్ణయించాల్సిందే. ఆపరేషన్ అయిన పెద్ద ఆడ కుక్కల్లో కొన్నింటికి ఏళ్లు గడిచాక నిద్రలో మూత్రం జారిపోయే సమస్య వస్తుంది. కుక్క లేచిన చోట తడి కనిపిస్తే దాన్ని తిట్టకండి, దానికి ఆ సంగతే తెలియదు. మందులతో చాలావరకు అదుపులోకి వస్తుంది.

మగవాటికి వృషణాల కణితి రాదు, వయసు మీద పడ్డాక ప్రొస్టేట్ ఉబ్బే బాధ ఉండదు. ఇల్లు విడిచి తిరగడం, మూత్రంతో హద్దులు గుర్తుపెట్టుకోవడం, పిల్లులైతే రాత్రిళ్లు కొట్లాడి ఒళ్లంతా గాయాలతో రావడం బాగా తగ్గుతాయి. అయితే భయంతో కరిచే కుక్క ఆపరేషన్‌తో మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాంటి కుక్కకు కావాల్సింది శిక్షణ. కొన్నిసార్లు మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పోయాక భయం పెరగనూవచ్చు. ఎటూ తేల్చుకోలేని మగ కుక్కలకు చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ ఇంప్లాంట్ ఉంది. కొన్ని నెలలపాటు హార్మోన్లను ఆపి, ఆ తర్వాత ప్రభావం పోతుంది. ఆపరేషన్ అయితే ఎలా ఉంటుందో ముందే చూసుకోవచ్చు.

"ఒక్క కాన్పైనా కానివ్వాలి, లేకపోతే పాపం" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ప్రేమతోనే అంటారు. కానీ ఒక కాన్పు వల్ల ఆరోగ్యానికి లాభం ఉందని ఎక్కడా తేలలేదు. ప్రసవంలో ప్రమాదం మాత్రం ఎప్పుడూ ఉంటుంది, పుట్టిన ప్రతి పిల్లకూ ఒక ఇల్లు వెతకాలి. 2013లో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు నలభై వేలకు పైగా కుక్కల మరణ రికార్డులు చూస్తే, ఆపరేషన్ అయినవి సగటున 9.4 ఏళ్లు, కానివి 7.9 ఏళ్లు బతికాయి. అయినవాటిలో కేన్సర్లు కాస్త ఎక్కువ, ఇన్ఫెక్షన్లూ ప్రమాదాలూ తక్కువ. ఆపరేషన్ చేయించే యజమానులు మిగతా విషయాల్లోనూ శ్రద్ధగా ఉంటారు కాబట్టి ఆ తేడా అంతా కత్తి గొప్పతనమే అనలేం.

రోజు ఖరారు చేసుకునేటప్పుడు కుక్క హీట్‌లో లేకుండా చూసుకోవాలి. హీట్‌లో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తం ఎక్కువగా చేరుతుంది, ఆపరేషన్‌లో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. హీట్ అయ్యాక రెండు మూడు నెలలు ఆగమంటారు. పాలు పడిన స్థితిలో చేస్తే ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పడిపోయి ఆ స్థితి అలాగే కొనసాగవచ్చు. పెద్ద ఆడ కుక్కకు ఆగుదామనుకుంటే, హీట్‌లో ఉన్న మూడు వారాలూ పట్టీ లేకుండా బయటికి వదలకూడదు. ఆపరేషన్ అయిన మగ కుక్కను కూడా వెంటనే నమ్మలేం. నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో కొన్ని వారాలపాటు అది తండ్రి కాగలదు, కాబట్టి నెలా నెలన్నర ఆడవాటికి దూరంగా ఉంచాలి. కుట్లు ఆరిన దగ్గర్నుంచి గిన్నెలో పెట్టే తిండిని పావు వంతు తగ్గించి, నెలకోసారి బరువు చూడాలి. ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావాల్సిన శక్తి తగ్గుతుంది. అది గిన్నె ముందు కూర్చుని ఎంత జాలిగా చూసినా కొలత దాటకూడదు.