మిక్సీ వేస్తే నెట్ ఎందుకు ఆగింది?

ఉదయం ఏడున్నరకు మా వంటింట్లో పచ్చడికి మిక్సీ తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే పై గదిలో మా అమ్మాయి కంప్యూటర్ తెర మీద లెక్కలు చెప్పే మాస్టారు నోరు తెరిచి అలాగే బిగుసుకుపోతారు. మిక్సీ ఆగగానే ఆయనకు మళ్ళీ ప్రాణం వస్తుంది. మూడు రోజులు కాకతాళీయం అనుకున్నాం. నాలుగో రోజు నేను పైన కూర్చుని, కింద ఉన్న మా ఆవిడకు ఫోన్‌లో "ఇప్పుడు వెయ్యి, ఇప్పుడు ఆపు" అని చెబుతూ పరీక్ష పెట్టాను. కొబ్బరి పచ్చడి గంధంలా తయారైంది గానీ, దోషి ఎవరో తేలిపోయింది.

మా పై గదికి ఇంటర్నెట్ వచ్చేది గాలిలో కాదు, గోడలో ఉన్న కరెంటు తీగల మీద. రౌటరు కింద ముందు గదిలో ఉంది. పై గది వెనక వైపు, తర్వాత కట్టుకున్నది. మధ్యలో ఒక స్లాబు, రెండు గోడలు. వైఫై తరంగం పొడవు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర 6. ఇనుప చువ్వల అల్లికతో, తేమను పట్టి ఉంచే కాంక్రీటుతో కట్టిన స్లాబును దాటేసరికి అది నీరసపడుతుంది. 5 గిగాహెర్ట్జ్ మరీ సుకుమారం. గోడ చెక్కి ల్యాన్ కేబుల్ లాగిద్దామంటే ఇంటికి రంగులు వేయించి నెల కూడా కాలేదు. చివరికి అరచేతిలో పట్టే పవర్‌లైన్ అడాప్టర్లు రెండు కొన్నాం. ఒకటి రౌటరు పక్క సాకెట్‌లో పెట్టి చిన్న ల్యాన్ తీగతో రౌటరుకు కలపాలి. రెండోది పై గదిలో ప్లగ్గుకు తగిలించి దానికి కంప్యూటర్ కలపాలి. మధ్యలో ఉన్నది ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ పైపుల్లో లాగిన రాగి తీగే.

"కరెంటూ నెట్టూ ఒకే తీగలో పోతే కలిసిపోవా?" అని మా అమ్మ అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపుకు 20 మిల్లీసెకన్లు. అడాప్టర్ పంపే సంకేతం సెకనుకు దాదాపు 20 లక్షల నుంచి 3 కోట్ల సార్ల వరకు ఊగుతుంది. పెద్ద అల నిదానంగా లేచి పడుతుండగా దాని వీపు మీద గాలికి సన్నటి నీటి ముడతలు పరుగెత్తడం సముద్రపు ఒడ్డున చూసే ఉంటారు. అదే లెక్క, కాకపోతే ఇక్కడ ఒక్క పెద్ద అల మీద తక్కువలో తక్కువ 40 వేల ముడతలు. రెండింటినీ విడదీసే పని ఒక మామూలు కెపాసిటర్ చేస్తుంది. 10 నానోఫారడ్ల కెపాసిటర్ 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఊపుల) కరెంటుకు 3 లక్షల ఓములకు పైగా అడ్డు. అదే కెపాసిటర్ 20 మెగాహెర్ట్జ్ సంకేతానికి ఒక్క ఓము కూడా అడ్డు కాదు. ఏనుగును ఆపి చీమను వదిలే గుమ్మం అన్నమాట. సంకేతం బలం ఒక వాట్‌లో చిన్న భాగమే కాబట్టి ఫ్యానుకు గానీ ఫ్రిజ్‌కు గానీ అది వచ్చిపోయిన సంగతే తెలియదు.

ఇంతవరకు తేలిక. తీగ ఈ పని కోసం పుట్టలేదన్నదే అసలు చిక్కు. ల్యాన్ కేబుల్‌లో తీగలను జంటలుగా మెలిపెట్టి ఉంచుతారు, బయటి రొద లోపలికి రాకుండా, లోపలిది బయటికి పోకుండా. పైపులో ఫేజ్, న్యూట్రల్ తీగలు ఎలా పడితే అలా పడి ఉంటాయి. పైగా ప్రతి స్విచ్చు బోర్డూ ఒక కొమ్మ. సంకేతం ప్రతి కొమ్మలోకీ దూరి, చివర దారి మూసుకుపోతే తట్టుకుని వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వని అసలు సంకేతంతో కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి. హాల్లో ఒక లైటు స్విచ్చు వేస్తే ఆ కొమ్మ పొడవు మారి, ఇంకో ఫ్రీక్వెన్సీ చచ్చిపోవచ్చు. అంటే ఇల్లు ఒకే తీరులో ఉండదు, రోజుకు వంద సార్లు స్వభావం మార్చుకుంటుంది.

ఇలాంటి తీగ మీద ఒకే బండి నడిపితే లాభం లేదు. ఇలాంటి అడాప్టర్ల కోసం 2005లో వచ్చిన హోమ్‌ప్లగ్ ఏవీ ప్రమాణం సంకేతాన్ని 1155 సన్నటి దారులుగా చీల్చింది. రెండు అడాప్టర్లూ ముందుగా ప్రతి దారినీ విడివిడిగా తట్టి చూస్తాయి. గట్టి బాట మీద పది బస్తాలు వేస్తారు, బురద బాటలో రెండు వేస్తారు, గండి పడిన చోట బండే కట్టరు. ఇక్కడా అంతే. నిశ్శబ్దంగా ఉన్న దారి మీద విడతకు 10 బిట్ల వరకు, రొద ఉన్న దారి మీద ఒకటో రెండో, చచ్చిన దారి మీద సున్నా. ఏ దారికి ఎన్ని బిట్లో చెప్పే ఈ పట్టీని రెండు పెట్టెలూ ఎప్పటికప్పుడు తిరగరాసుకుంటూనే ఉంటాయి. కొన్ని దారులను మాత్రం బాగున్నా వాడరు. మెలి లేని ఇంటి తీగ యాంటెనాలా పనిచేసి షార్ట్‌వేవ్ తరంగాలను బయటికి చిమ్ముతుంది, సరదాకి సొంత రేడియోల్లో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ళ చెవులు హోరెత్తుతాయి. అందుకే ఉత్తర అమెరికా నిబంధనల ప్రకారం ఆ 1155లో 917 మాత్రమే మిగులుతాయి.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసిన సంగతి ఇంకొకటి. ఇంటి తీగలో రొద ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు, కరెంటు ఊపుతో తాళం వేస్తుంది. ఫోన్ ఛార్జర్లు చాలావరకు వోల్టేజి శిఖరానికి చేరినప్పుడే కరెంటు గుటక వేస్తాయి, అంటే సెకనుకు 100 సార్లు. ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చుతో పనిచేసే డిమ్మర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు ప్రతి అర ఊపులోనూ ఒకే చోట టక్కున తెరుచుకుంటాయి. రొద ఇలా వేళకు వచ్చిపోయేదే కాబట్టి అడాప్టర్లు తమ గడియారాన్ని కరెంటుతోనే కలుపుకున్నాయి. మన దగ్గర వాటి పని రెండు ఊపులకు ఒకసారి, అంటే 40 మిల్లీసెకన్ల చక్రంగా సాగుతుంది. ఊపులో ఏ భాగానికి ఆ భాగానికి వేరే పట్టీ. శిఖరం దగ్గర బస్తాలు తగ్గించి, రొద సద్దుమణిగిన చోట ఎక్కించుకుంటాయి.

మరి మిక్సీ దగ్గర ఈ తెలివి ఎందుకు పనిచేయలేదు? చీకట్లో మిక్సీ తిప్పి గాలి రంధ్రాల్లోంచి చూడండి, నీలి మెరుపులు కనిపిస్తాయి. లోపల మోటారుతో పాటు తిరిగే కమ్యుటేటర్ అనే రాగి పలకల వలయం మీద కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ నిప్పురవ్వలు రాలుస్తాయి. ఒక్కో రవ్వా అన్ని ఫ్రీక్వెన్సీల మీదా ఒకేసారి విరుచుకుపడే చిన్న పిడుగు. అది కరెంటు తాళం వినదు, మోటారు వేగం దానిది. వెనకటి రోజుల్లో మిక్సీ వేస్తే రేడియో గరగరలాడి టీవీలో చుక్కలు పడేవి కదా, ఆ పాత నేరస్థుడే ఇది. మా రెండు పెట్టెలు కష్టపడి రాసుకున్న పట్టీ అంతా ఆ క్షణంలో చెల్లని కాగితం. కొత్తది రాసుకునేలోగా మాస్టారు బిగుసుకుపోతారు.

మిక్సీ ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. అడాప్టర్‌ను స్పైక్ బస్టర్‌కు తగిలించాను, తప్పు. అధిక ఫ్రీక్వెన్సీలను మింగడమూ దాని ఉద్యోగమే. నేరుగా గోడ సాకెట్‌కు మార్చగానే అడాప్టర్ మీద సంకేతం బలం చూపే ఎర్ర దీపం పసుపుకు వచ్చింది. రెండో సంగతి, మాది త్రీ ఫేజ్ కనెక్షన్. రౌటరు ఉన్న గది ఒక ఫేజ్ మీద, పై గది ఇంకో ఫేజ్ మీద ఉన్నాయి. ఒక ఫేజ్ పోతే ఫ్యూజు ఇంకో ఫేజ్‌లోకి మార్చుకున్న అనుభవం ఉన్నవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. ఆ రెండు తీగలూ నేరుగా ఎక్కడా కలవవు. సంకేతం ఒక తీగ నుంచి పక్క తీగకు దూకి, కొంత న్యూట్రల్ సాయంతో ఎలాగో చేరుతుంది, కానీ అలసిపోయి చేరుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ బోర్డులో పై గదిని రౌటరు ఉన్న ఫేజ్ మీదికి మార్పించాం. దీపం పచ్చబడింది. ఏసీ ఉన్న గదికి ఇలా చేసేముందు లోడు లెక్క చూసుకోవాలి, ఎవరికి వాళ్ళు బోర్డు విప్పి చేసుకునే పని కాదు.

2012లో వచ్చిన ఏవీ2 ప్రమాణం ఎర్త్ తీగను కూడా పనిలో పెట్టి రెండో దారి తెరిచింది, 86 మెగాహెర్ట్జ్ దాకా వెళ్ళింది. మన పాత ఇళ్ళలో చాలాచోట్ల మూడో కన్నం వెనక ఎర్త్ ఉండదు, అలంకారానికే. నెట్ కోసం కాకపోయినా ప్రాణం కోసం ఒకసారి చూపించుకోండి.

డబ్బా మీది అంకెలు మాత్రం నమ్మకండి. 600 అని అచ్చేసిన కొన్ని పెట్టెలకు ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే ఉంటుంది. ఆ 600 కూడా తప్పులు దిద్దుకునే అదనపు బిట్లను కలుపుకుని, రానూపోనూ రెండు వైపులవీ కలిపి చెప్పే లెక్క. తీగ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు ఆగాలి. మాకు పై గదిలో 40 మెగాబిట్లకు అటూ ఇటూ వస్తోంది. పాఠాలకు చాలు. గోడ చెక్కే వీలుంటే ల్యాన్ కేబులే వేయించుకోండి, దానికి ఇది ఎన్నటికీ సాటి రాదు. ఒకే వైరింగ్‌ను పంచుకునే పోర్షన్లలో పక్కవాళ్ళ పెట్టె మీ పెట్టెతో మాట కలపవచ్చు కాబట్టి జత చేసే బొత్తాం నొక్కి సొంత తాళం పెట్టుకోవడం మరవకండి.

ఈ ఆలోచన ఇళ్ళలో పుట్టింది కాదు. సబ్‌స్టేషన్ పక్కగా వెళ్ళేటప్పుడు తల ఎత్తి చూస్తే, లోపలికి వచ్చే లైన్ల దగ్గర పెద్ద డోలు లాంటి తీగ చుట్టలు కనిపిస్తాయి. వాటిని వేవ్ ట్రాప్‌లు అంటారు. 132, 220 కిలోవోల్టుల లైన్ల మీదే సబ్‌స్టేషన్ల మధ్య ఫోన్ మాటలు, రక్షణ సంకేతాలు నడిపేవారు. ఆ మాటలు స్టేషన్ యంత్రాల్లోకి కారిపోకుండా ఆపడమే ఈ డోళ్ళ పని. ఊరంతటికీ కరెంటు తీగల మీదే ఇంటర్నెట్ ఇద్దామని అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ పట్టణం 2005లో సాహసించి, 2010లో చాలించుకుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ కూడా కరెంటు వ్యవస్థనే నమ్ముకుంది గానీ తీగలను వదిలేసి స్తంభాలను పట్టుకుంది. వాటి మీదుగా ఆప్టికల్ ఫైబర్ లాగింది. నా ఉద్దేశంలో అదే సరైన పని.

మా పెట్టెలకు ఇప్పుడు మిగిలిన ఇబ్బంది ఒక్కటే. మిక్సీ టైమును ఏడుకు జరిపాం, అది సరే. కరెంటు పోయినప్పుడు రౌటరు ఇన్వర్టర్ మీద హాయిగా వెలుగుతుంటుంది. పై గది సాకెట్‌కు ఇన్వర్టర్ లైను లేదు. అమ్మాయి పుస్తకాలు పట్టుకుని మెట్లు దిగి, రౌటరు పక్కనే కింద కూర్చుంటుంది.