గేముల్లో రక్తం, దేవుళ్లు, వివాదాలు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ఉంటూ మొబైల్ గేములకు డిజైన్ చేస్తాను. ఏదైనా గేము మీద గొడవ మొదలైతే చాలు, తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే మాటలు కొన్ని ఉంటాయి. వాటికే ఈ జవాబులు.

అపోహ: పబ్‌జీని హింస ఎక్కువైందనే నిషేధించారు.
వాస్తవం: 2020 సెప్టెంబర్ 2న కేంద్రం ఐటీ చట్టం 69ఏ కింద 118 యాప్‌లను ఆపింది. అందులో పబ్‌జీ ఒకటి. చెప్పిన కారణాలు దేశ భద్రత, జనాల డేటా.

అపోహ: కాల్చే గేములు ఆడితే పిల్లలు నేరాలకు దిగుతారు.
వాస్తవం: నిజ జీవితంలోని హింసను గేములకు అంటగట్టడానికి తగిన ఆధారాల్లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది. అరవడం, నెట్టడం లాంటి దుడుకుతనంతో మాత్రం కొద్దిపాటి సంబంధం ఉందని కూడా చెప్పింది. మా పరిశ్రమవాళ్లు రెండో మాట దాస్తారు, టీవీ చర్చల్లో మొదటిది దాస్తారు. ఇద్దరూ అలా దాచడం తప్పే.

అపోహ: ప్లే స్టోర్‌లో గేము కింద 3+ (మూడేళ్లు దాటినవాళ్లకు) అని ఉందంటే ఎవరో అధికారి ఆడి చూసి ఇచ్చినట్టే.
వాస్తవం: సినిమాకు సెన్సార్ ఉన్నట్టు ఇక్కడ ముందే ఎవరూ కూర్చుని చూడరు. రక్తం ఉందా, బూతులున్నాయా, జూదం ఉందా, ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చా అని అడిగే ప్రశ్నావళిని మేమే నింపుతాం. ఆ జవాబులను బట్టి వయసు అంకె వస్తుంది. దాచితే తర్వాత దెబ్బ తగులుతుంది. 2005లో ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’ అనే గేములో దాగి ఉన్న శృంగార సన్నివేశం బయటపడగానే అమెరికాలో దాని రేటింగ్ ‘పెద్దలకు మాత్రమే’కు మారింది, పెద్ద దుకాణాలు అమ్మకం ఆపేశాయి.

నాకు రక్తం కన్నా చాట్ అంటేనే ఎక్కువ భయం. పిల్లాణ్ణి తిట్టేదీ, ఫొటో పంపమనేదీ అవతల ఆడుతున్న అపరిచితుడు. అంకె చూసి వదిలేయకుండా దాని కింది వివరాలూ చదవండి. సెట్టింగ్స్‌లో వాయిస్ చాట్ ఆపేయండి.

అపోహ: మన దేవుళ్ల మీద మనవాళ్లే గేము చేస్తే ఎవరూ తప్పు పట్టరు.
వాస్తవం: 2009లో ప్లేస్టేషన్ 2కి (టీవీకి తగిలించి ఆడే గేము పెట్టె) వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ హైదరాబాద్ స్టూడియో చేసిందే. అయినా అమెరికాలోని హిందూ ప్రతినిధులు అభ్యంతరం చెప్పారు. దేవుణ్ణి బటన్లతో ఆడించడం ఏంటన్నది వాళ్ల బాధ. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. సినిమాలో దేవుణ్ణి చూస్తాం, గేములో తిప్పుతాం. ఆడేవాడు పొరపాటు చేస్తే దేవుడు కిందపడి ‘గేమ్ ఓవర్’ వస్తుంది.

ఇక్కడి కుర్రాళ్లు సమ్మక్క సారలమ్మ గేము చేద్దామన్నా అంటుంటారు. కాకతీయ సైన్యంతో పోరు, జంపన్న వాగు, కథకు లోటేం లేదు. కానీ మేడారం గద్దెల మీద విగ్రహాల్లేవు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. ఆ తల్లికి హెల్త్ బార్ (ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత) ఎలా పెడతాం? క్యాలెండర్ బొమ్మలు లేవా అంటారు. ఉన్నాయి, కానీ వాటిని ఎవరూ బటన్ నొక్కి పడగొట్టరు. నేనైతే ఆడే పాత్రగా ఒక మామూలు కోయ యువకుణ్ణి పెడతా, తల్లిని తెర మీద చూపించను. స్కెచ్ కాగితం మీద ఉండగానే కోయ పూజారుల దగ్గరికి తీసుకెళ్తా. వద్దంటే ఆపేస్తా. కాగితం మీద మార్చడానికి ఒక పూట చాలు. యానిమేషన్ అంతా అయ్యాక మార్చాలంటే చిన్న స్టూడియో దగ్గర డబ్బుండదు, అప్పుడే మనం మొండికేస్తాం.