పరుగు పెట్టించాలా, ఉన్నదున్నట్టు దాచాలా: పాత రేసు బైకుల చుట్టూ నలుగుతున్న తగాదా

2018 జనవరిలో లాస్ వేగస్‌లో జరిగిన వేలంలో బ్రిటిష్ రేసు బైకు విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ ఒకటి 9,29,000 డాలర్లకు అమ్ముడైంది. అప్పటిదాకా వేలంలో ఏ మోటార్‌సైకిలూ అంత ధర పలకలేదు. 1953లో ఆస్ట్రేలియా రేసర్ జాక్ ఎరెట్ ఈ బండి మీదే గంటకు 141.5 మైళ్ల వేగంతో ఆస్ట్రేలియా రికార్డు కొట్టాడు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దాన్ని రేసుల్లో తోలాడు. వేలానికి ముందు ఇంజన్ బాగుచేయించారు గానీ, వెలిసిపోయిన పాత రంగు జోలికి పోలేదు. పోటీల్లో అరిగిన ఆ రూపమే ఇప్పుడు దాని విలువ. అయితే అలాంటి బండిని మళ్లీ ట్రాక్ ఎక్కించవచ్చా?

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. పాత బండిని కాపాడటమంటే నడపడమే. 1915కు ముందు తయారైన బళ్లతో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ దాకా సాగే పయనీర్ రన్ 1930లోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, టిచ్ అలెన్ చొరవతో 38 మంది సర్రేలోని హాగ్స్ బ్యాక్ దగ్గర కలిసి వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ పెట్టుకున్నారు. 1931కి ముందు బళ్లు తుక్కు కింద పోకుండా చూడాలన్నది వాళ్ల తాపత్రయం. ఆ రోజుల్లో వాటికి పెద్ద ధర లేదు, ఒకటి పాడైతే ఇంకోటి దొరికేది. అందుకే రేసులో తోలినా ఎవరూ అడ్డు చెప్పలేదు.

చిక్కు ఎక్కడ మొదలైందో చూడాలంటే మ్యాంక్స్ నార్టన్ కథ తెలియాలి. బ్రిటన్‌లోని నార్టన్ కంపెనీ రేసుల కోసం చేసిన బండి ఇది: 498 సీసీ, ఒకే సిలిండర్. 1950లో మెకాండ్లెస్ సోదరులు రూపొందించిన ఫెదర్‌బెడ్ అనే ఫ్రేమున్న నార్టన్ ఫ్యాక్టరీ బండితో జెఫ్ డ్యూక్ ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే పేరుమోసిన రోడ్డు రేసు సీనియర్ టీటీ గెలిచాడు. అరవైల మొదట్లో మ్యాంక్స్ తయారీ ఆగిపోయింది. 1966లో బ్రిటిష్ రేసర్ కాలిన్ సీలీ మ్యాంక్స్‌తో పాటు అలాంటివే మరో రెండు రేసు బళ్లు ఏజేఎస్ 7ఆర్, మ్యాచ్‌లెస్ జీ50 తయారీ హక్కులు కూడా కొన్నాడు. 1969లో గాడ్‌ఫ్రే నాష్ యుగోస్లావియా గ్రాండ్ ప్రిని నార్టన్ మీద గెలిచాడు. ఇక వాటి పని అయిపోయినట్టే అనుకుంటుండగా 1983లో అదే దీవిలో జరిగే మ్యాంక్స్ గ్రాండ్ ప్రి పోటీల్లో పాత బళ్లకు క్లాసిక్ రేసులు పెట్టారు. రిటైరైన బళ్లు మళ్లీ 60 కిలోమీటర్ల మౌంటెన్ కోర్సు ఎక్కాయి.

చిక్కు ఇక్కడే మొదలైంది. మ్యాంక్స్ క్రాంక్‌కేసు, అంటే ఇంజన్ అడుగు భాగపు పెట్టె, మెగ్నీషియం మిశ్రమంతో పోసింది. తేలిక కోసం అలా చేశారు, అరవై ఏళ్లు ఉండాలని కాదు. తేమకు తుప్పు తింటుంది, కాలం గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. ఫుల్ స్పీడులో కనెక్టింగ్ రాడ్ విరిగిందంటే కేసును చీల్చుకుని బయటికొస్తుంది. ఇంజన్ నంబరు కొట్టి ఉండేది కూడా ఆ కేసు మీదే. అది పగిలితే బండి ఆనవాలే పోయినట్టు.

అందుకే కొత్త క్రాంక్‌కేసులు పోయడం మొదలుపెట్టారు. తర్వాత ఫ్రేములు, ఆరు గేర్ల బాక్సులు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాయి. చివరికి మొత్తం బండే కొత్తగా తయారవుతోంది. ఇవి నకళ్లు, వీటిని క్లాసిక్ అనకూడదని కొందరి గొడవ. నా లెక్కలో మాత్రం ఈ నకళ్లే అసలు బళ్లను బతికించాయి. రేసుకు నకలు దొరికితే అసలుదాన్ని పణంగా పెట్టక్కర్లేదు. రేసర్ల గిరాకీ ఉండబట్టే పిస్టన్లు, వాల్వులు ఇంకా తయారవుతున్నాయి, దాచుకున్నవాళ్లకూ అవే దిక్కు.

దాచినంత మాత్రాన బండి క్షేమంగా ఉంటుందని కూడా లేదు. ఆ కాలం రేసు ఇంజన్లలో పోసేది ఆముదంతో చేసిన కాస్ట్రాల్ ఆర్. మన పాలమూరు చేలల్లో పండే ఆముదమే. వేడికి బాగా తట్టుకుంటుంది, కానీ ఇంజన్‌లో వదిలేస్తే బంకలా గట్టిపడి నూనె దారులు మూసుకుపోతాయి. ఇంజన్‌కు స్పార్కు ఇచ్చే మ్యాగ్నెటోలోని తీగ చుట్టల మీద ఉండే లక్క పూత కూడా పాతబడి మెత్తబడుతుంది. 2003 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియంలో మంటలు లేచి వందల బళ్లు కాలిపోయాయి. అవి ఏ రేసులోనూ పోలేదు, గోడల మధ్యే పోయాయి. అలబామాలోని బార్బర్ మ్యూజియంది ఇంకో పద్ధతి. అక్కడ బళ్లను నడిచే స్థితిలో ఉంచుతారు, పక్కనే సొంత ట్రాక్ ఉంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో టూరిన్ చార్టర్‌ను ఆమోదించింది. వాహనాన్ని వాడుతూనే కాపాడాలని, మార్పులు వీలైనంత తక్కువ చేయాలని, చేసినవి రాసిపెట్టాలని దాని సారాంశం. రాసిపెట్టడమన్న ముక్క నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. రేసు బండికి స్థిరమైన ఒరిజినల్ రూపం ఉండదు. వారం వారం కార్బురేటర్ జెట్లు, స్ప్రాకెట్లు, మడ్‌గార్డులు మారేవి. ఏ ఏడాది రూపాన్ని కాపాడుతున్నామో కాగితం మీద లేకపోతే అది మన ఊహ మాత్రమే.

మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న టూవీలర్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద వీఏ అని వస్తుంది. ర్యాలీలకు, ప్రదర్శనలకు తీయొచ్చు, రోజువారీ వాడకం కుదరదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదనే షరతుంది. 1970లకు ముందు జావాలు, ఎన్‌ఫీల్డ్‌లు ఇంట్లో ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ కోసమని ముందుగా పెయింట్ షాపుకు పరిగెత్తకండి. ఫ్యాక్టరీ పెయింటు, చేత్తో గీసిన ట్యాంకు గీతలు ఒకసారి గీకేస్తే తిరిగి రావు. ఇంజన్ పని ఎప్పుడైనా చేయించుకోవచ్చు.